అద్దానికి ఇవతల

2020 మే నెల. రంజాన్ రోజాలు నడుస్తున్నాయి. నిర్మల్‌లో మా ఖాలా పోయిందని సహర్ వేళకు కబురొచ్చింది. డ్రైవరుతో కలిపి ముగ్గురికి పాసు దొరికింది. మసీదులకు తాళాలు. జనాజాకు ఇరవై మందికి మించకూడదన్న రోజులవి. ఆఖరి చూపైనా దక్కాలని హైదరాబాద్ నుంచి బయల్దేరాం.

మేడ్చల్ రాకముందే మాలో పెద్దాయన నెత్తిమీది టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ తియ్యమనలేదు. ఎందుకు తీశావని మేమూ అడగలేదు. ఆ మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు పోయినవాళ్లకు జబ్బు సోకిన మాట నిజం. మన రాష్ట్రం నుంచి పోయినవాళ్లలో కొందరు చనిపోయారు కూడా. కానీ చనిపోయినవాళ్ల కోసం ఏడ్వకముందే జబ్బును మా అందరికీ అంటగట్టారు. కూరగాయల బండివాణ్ని పేరడిగి వెళ్లగొట్టారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారంది. తీర్పు వచ్చేసరికి మా టోపీలు జేబుల్లోకి పోయి చాలా రోజులైంది.

ఒక చెక్‌పోస్టు దగ్గర పాసు మీది పేర్లు చదివి, మమ్మల్ని వెనక్కి జరిగి నిలబడమన్నారు. మా ముందు కారువాళ్లకు ఆ మాట చెప్పలేదు. ఢిల్లీ నుంచి ఎప్పుడొచ్చారని అడిగారు. మేం ఢిల్లీ మొహమే చూసి ఎరగం. తల వంచుకుని జవాబు చెప్పి కదిలాం.

మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక్ రైలు పోయింది. అయినా 44వ నంబరు రహదారి పొడుగునా నడిచేవాళ్లే. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. కామారెడ్డి దాటాక ఒక చెట్టు నీడన ఆగాం. ఒకతను పిల్లను ఎత్తుకుని కారు దగ్గరికొచ్చాడు. "భాయీసాబ్, థోడా ఆగే తక్" అన్నాడు. మా చెయ్యి దానంతటదే అద్దం ఎక్కించింది. కారు కదిలింది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

తర్వాత సాకులు వెతుక్కున్నాం. పాసు ముగ్గురికే కదా అన్నాం. నిజమే. అద్దం ఎక్కించమని మాత్రం ఏ పాసులోనూ రాసి లేదు. మాది జబ్బు భయం, వాళ్లది మా పేరు మీది ద్వేషం, రెండూ ఒకటెట్లా అవుతాయి అనుకున్నాం. అదీ కొంత నిజమే. కానీ తెల్లచొక్కా వేసుకున్న మా చుట్టమెవరైనా అట్లా వస్తే అద్దం ఎక్కించేవాళ్లమా? చెక్‌పోస్టులో వాళ్లు మా పేరు చూశారు. ఇక్కడ మేం అతని దుమ్ము కాళ్లు చూశాం. మనిషిని వాళ్లూ చూడలేదు, మేమూ చూడలేదు.

దూరం పాటించడం తప్పు కాదు. జబ్బున్న ఊరికి పోవద్దని, ఆ ఊళ్లో ఉంటే విడిచి రావద్దని మా ప్రవక్త చెప్పిన హదీసుంది. ఆ లెక్కన ఈ ప్రయాణమే తప్పేమోనని మాలో ఒకరన్నారు. అయితే 'సామాజిక దూరం' అని అప్పుడు ఊరంతా పలికిన మాట దళితవాడలకు కొత్తది కాదు. పేరు చెప్పగానే అద్దె ఇల్లు లేదనిపించుకునే మాకూ కొత్తది కాదు. ఆ దూరం ఎట్లా ఉంటుందో తెలిసిన మేమే దాన్ని ఇంకొకరికి చూపించాం.

మట్టి ఇచ్చి తిరిగొస్తుంటే ఇఫ్తార్ వేళైంది. దారిలో ఇంకో గుంపు కనబడింది. మా ఖర్జూరాల్లో సగం, నీళ్ల సీసాలు గట్టు మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి, తీసుకోమన్నాం. ఎక్కడివాళ్లని, ఎంత దూరం పోవాలని అడిగాం. అదీ దూరమే. కానీ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్న దూరం.

పొద్దున అద్దం అవతల నిలబడిన మనిషికి దీనితో మా బాకీ తీరదు. టోపీ నెత్తిన పెట్టుకుని భయం లేకుండా తిరిగే హక్కు మాకు కావాలి, అడుగుతూనే ఉంటాం. అడిగిన ప్రతిసారీ ఆ అద్దం సంగతి కూడా మేమే చెప్పుకోవాలి.