తిట్టు ఎవరి నోట, ఎవరి మీద

బాకీ పడినవాణ్ని నలుగురిలో నిలబెట్టి బాకీ ఎగవేతగాడని అరవడం నిజం చెప్పడమా, పాపమా? పాత శాస్త్రాలు ఇలాంటి తిట్లను వాక్పారుష్యం, అంటే పరుషమైన మాట కింద విచారించాయి. అర్థశాస్త్రం గుడ్డివాణ్ని గుడ్డివాడన్నా 3 పణాల జరిమానా వేసింది. లేని లోపం అంటగడితే 6, చక్కని కళ్లవాడా అని ఎగతాళి చేస్తే 12. నిజం శిక్షను తగ్గించిందే గాని తప్పును మాపలేదు. భగవద్గీత 17వ అధ్యాయమూ వాక్కు తపస్సు కావాలంటే సత్యం ఒక్కటే చాలదని, అది ఎదుటివారి మనసును కలత పెట్టకూడదని అంటుంది. మనుస్మృతి కులం చూసి శిక్ష వేసింది: బ్రాహ్మణుడు శూద్రుణ్ని తిడితే 12 పణాలు, శూద్రుడు ద్విజుణ్ని తిడితే నాలుక కోత. ధర్మం పేరు మీద ఇంతకు మించిన అన్యాయం ఉండదు.

భద్రాచలం సంప్రదాయం దీనికి పూర్తిగా ఎదురు దారి. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు శిస్తు సొమ్ముతో రామాలయం కట్టించి, 17వ శతాబ్దంలో తానీషా హయాంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. అక్కడ ఆయన రాముణ్నే నిలదీశాడు. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, లక్ష్మణుడి ముత్యాల పతకం, భరతుడి పచ్చల పతకం వరసగా లెక్క చెప్పి గద్దిస్తాడు. చివరికి దెబ్బలు ఓర్వలేకే తిట్టానని వేడుకుంటాడు. భక్తులు దీన్ని దైవదూషణగా ఎంచలేదు, నిందాస్తుతిగా నెత్తిన పెట్టుకున్నారు. దిక్కులేనివాడు బలవంతుణ్ని తిడితే అది మొర. అదే మాట బలవంతుడి నోట వస్తే దెబ్బ.

ఆ భద్రాచలం చుట్టూ ఉన్న గిరిజన ఏజెన్సీ ఊళ్లలో ఆ బలవంతుడు ఎవరో తేల్చుకోవడానికి ఆస్తి పట్టా ఒక్కటే చూస్తే సరిపోదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజనేతరుడికి భూమి రాసివ్వడం చెల్లదు, కౌలుకివ్వడమూ బదలాయింపే. అయినా అలాంటి కౌలు నడిస్తే నోటిమాట మీదే నడవాలి. భూమి కోయ గిరిజన రైతుది, పెట్టుబడీ అప్పుల పద్దూ కౌలుదారువి అయిన చోట యజమానే మాట పడతాడు. కౌలు సొమ్ము అడిగినందుకు కులం పేరుతో తిట్లు తిన్నా, చూపించడానికి అతని చేతిలో కాగితం ఉండదు.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మనువు తూకాన్ని తిరగేసింది. అయితే దాని కింద నేరం కావాలంటే అవమానం నలుగురి కంటపడే చోట జరగాలి. ఇంటి గేటు ముందు తిట్టినా ఆ షరతు తీరుతుందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్నది దీని కిందికి రాదని 2020లో తేల్చింది. పరువునష్టానికీ మూడో మనిషి చెవిన పడాలి. గీత పెట్టిన షరతులో సాక్షి ప్రస్తావన లేదు. తలుపు వేసి తిట్టిన తిట్టుకూ అది వర్తిస్తుంది.