చిన్నవాడు అడిగిన నీటి లెక్క

ధ్యానభాగము: యోనా గ్రంథము 4:5-11



యోనా గ్రంథము ఒక ప్రశ్నతో ముగుస్తుంది. సొరచెట్టు ఎండిపోయిందని అలిగి కూర్చున్న ప్రవక్తను దేవుడు ఒక మాట అడిగాడు. యోనా ఏమి జవాబు చెప్పాడో మనకు తెలియదు. నీనెవె పట్టణమును ఎందుకు కనికరించాలో చెబుతూ దేవుడు అక్కడ రెండు లెక్కలు తీశాడు. కుడియెడమలు ఎరుగని లక్షా ఇరువది వేలమంది ఒక లెక్క, విస్తారమైన పశువులు రెండవ లెక్క. కుడియెడమలు ఎరుగని వారు అంటే పసిపిల్లలే అని చెప్పిన వ్యాఖ్యాతలు చాలామంది ఉన్నారు. రాజుగాని, వర్తకులుగాని, కోటగోడలుగాని ఆ లెక్కలోనికి రాలేదు. సండే స్కూలులో యోనా కథ మామూలుగా చేప దగ్గరే అయిపోతుంది. చివరి వచనము వరకు వెళ్లే సమయము ఉండదు. కాని పిల్లలు ఉన్నది ఆ చివరి వచనములోనే గదా!

ఈ వచనమును 2019వ సంవత్సరములో మేము చెన్నైలో మరొక విధముగా చదువవలసి వచ్చింది. ఆ వేసవిలో నగరమునకు నీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు ఎండిపోయినవి. అంతకు నాలుగేండ్లు తిరగక ముందే, 2015 డిసెంబరులో, అదే చెంబరంబాక్కం నుండి వదిలిన నీరు అడయారు ఒడ్డున ఉన్న ఇండ్లను ముంచింది. పిల్లలు ఈ రెండూ చూశారు.

మా సండే స్కూలు టీచరమ్మ పిల్లలందరికీ తలా ఒక నోటుపుస్తకము ఇచ్చి, వారములో విన్న వార్త ఒకటి, దానిని గూర్చి ప్రార్థన ఒకటి వ్రాయమన్నారు. మన పిల్లలకు బడిలో తమిళము, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు దిద్దేది సండే స్కూలులోనే. కాబట్టి వాక్యాలు పొట్టివి, ఒత్తులు అక్కడక్కడ తప్పులు. నాలుగవ తరగతి బాబు ఒకడు జూన్‌లో ఇలా వ్రాశాడు: "పుళల్ చెరువులో నీళ్లు లేవు. చేపలు ఎక్కడికి పోయినవి? దేవా, కొంగలకు తిండి ఇవ్వు." జూలై 12న జోలార్‌పేట నుండి విల్లివాక్కమునకు యాబై వాగన్లలో 25 లక్షల లీటర్ల నీటితో మొదటి రైలు వచ్చింది. నగరమంతా సంతోషించింది. ఆ వారము వాడు వ్రాసినది: "దేవా, జోలార్‌పేట పిల్లలకు కూడా నీళ్లు మిగలాలి." పెద్దలము వార్తను మన వైపు నుండి వింటాము. వాడు రైలు బయలుదేరిన చోటి నుండి విన్నాడు.

తరువాతి వారము ప్రార్థన లేదు, ప్రశ్న మాత్రమే ఉన్నది. "మన గుడి తొట్టిలో ఎన్ని బిందెలు పడతాయి?"

జూలై చివరి ఆదివారము అయిదుగురికి బాప్తిస్మము ఇవ్వడానికి సిద్ధపడుతున్న సమయమది. తొట్టి ఎనిమిది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. మూడున్నర అడుగుల నీరు నింపాలి. లెక్క కడితే సుమారు 4,000 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలైతే 260 పైచిలుకు. మా వీధిలో లారీ వచ్చిన రోజున ఇంటికి దొరికేది ఎనిమిది బిందెలు. అంటే ముప్పై మూడు ఇండ్ల వంతు. బాబు ఈ లెక్క మా కంటె ముందే వేసుకొని ఉన్నాడేమో, మాకు తెలియదు.

పెద్దలు కూడుకొన్నారు. చిన్నపిల్లవాని మాటకు కమిటీ ఏమిటి అని విసుగుకొన్న వారు ఉన్నారు. ఒక డీకనుగారు, బాప్తిస్మము ప్రభువు ఆజ్ఞ అనీ, నీళ్లు చిలకరించి ముగించడము మన ఆచారము కాదనీ గట్టిగా చెప్పారు. ఆ మాట నిజమే. దానిలో మాకు ఏ సందేహమూ లేదు. మరొకరు లారీ నీళ్లు కొందాము, సంఘములో సొమ్ము ఉన్నది అన్నారు. ఆ ప్రైవేటు లారీల నీరు ఎక్కడిది? నగరము చుట్టూ ఉన్న పల్లెల బోర్ల నుండి తోడినది. జోలార్‌పేట ప్రార్థన వ్రాసిన బాబుకు ఆ జవాబు చెప్పగలమా?

ఇంకొకరు, ఇవన్నీ కడవరి దినముల గురుతులు, వాక్యము నెరవేరుతున్నది అన్నారు. ఈ మాటను గూర్చి కొంచెము ఆగి ఆలోచించుదము. కరువులు, భూకంపములు వస్తాయని ప్రభువు ముందుగా చెప్పిన మాట సత్యమే. అయితే ప్రతి వార్తకూ అదే జవాబు చెప్పి ఊరుకొంటే తొమ్మిదేండ్ల బిడ్డకు మిగిలేది భయమొక్కటే. వాడికి రాత్రి నిద్ర పట్టదు. పగలు చేయడానికి పనీ ఉండదు. కరువు వస్తుందని ముందుగా తెలిసిన యోసేపు గురుతులు లెక్కపెడుతూ కూర్చోలేదు. కొట్లు కట్టించి ధాన్యము నింపాడు.

మన తెలుగు బాప్తిస్టు పితరుల చరిత్ర కూడా కరువులోనే నిలిచి ఉన్నది. 1876-78 మహా కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న మన వారికి కూలి దొరికేటట్టు చేశారు. కూటి కొరకు చేరుతున్నారన్న మాట రాకుండా ఆ కాలమంతా బాప్తిస్మములు ఆపారు. తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆపడము అవిధేయత కాలేదు. ఆ కాలువే దక్షిణముగా వచ్చి చెన్నై నడుమ పోతున్నది. మన తాతలు తవ్విన కాలువలో ఇక్కడ నేడు పారేది మురుగు. దీనిని పిల్లలకు చూపించి చెప్పవలసిన పాఠము ఇంకా మిగిలే ఉన్నది.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడు రథము మీద వెళుతూ దారిలో నీళ్లు చూచి అడిగాడు. నీళ్లను రథము దగ్గరకు తెప్పించలేదు, తానే దిగి నీళ్లలోనికి వెళ్లాడు. కావున మేమూ నీళ్లున్న చోటికే వెళ్లాలని నిర్ణయించాము. అయిదుగురిలో ఒక అవ్వ ఉన్నారు, డెబ్బది దాటినవారు, మోకాళ్ల నొప్పులు. అలలంటే భయము. ఆమెకైనా తొట్టి నింపుదామని కొందరన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "బిందె కోసము నేనూ లైనులో నిలబడేదాన్నే నాయనా" అన్నారు. ఆగస్టులో ఒక తెల్లవారుజామున, అలలు నెమ్మదిగా ఉన్న వేళ, ఇద్దరు డీకన్లు చెరొక చేయి పట్టుకొనగా ఆమె సముద్రములో దిగారు.

సముద్రము కూడా చెడకుండా ఉండలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తరువాత ఎన్నూరు కయ్యలోనికి చమురు చేరి పడవలు, వలలు, మడ చెట్లు నల్లబడినవి. గూడకొంగల రెక్కలకు చమురు అంటుకొన్నది. మూడవ తరగతి పాప ఒకతె ఆ ఆదివారము జాలరుల కొరకు, తరువాత గూడకొంగల కొరకు ప్రార్థించింది. వెనుక బల్లల మీద కొందరు నవ్వుకొన్నారు. ఆ పాప ప్రార్థన వరుస యోనా 4:11 వరుసే. మొదట మనుష్యులు, వెంటనే మూగజీవులు.

మీ ఊళ్లలోని పిల్లలకు వేరే వార్తలు ఉంటాయి. కోలారు గోల్డు ఫీల్డ్సులో గని 2001లో మూతపడినా సైనైడు దిబ్బల దుమ్ము గాలికి లేస్తూనే ఉన్నది. ముంబాయి వారు 2005 జూలై 26న ఒక్కరోజులో పడిన 944 మిల్లీమీటర్ల వానను మరువలేదు. బరంపురము వారికి 2013 ఫైలిన్, యానాము వారికి 2022 గోదావరి వరద. తల్లిదండ్రులు ఇంట్లో టీవీ కట్టివేసినంత మాత్రాన పిల్లలకు ఇవి తెలియకుండా పోవు. బడిలో వింటారు. విన్నది ఎక్కడ చెప్పుకోవాలో తెలియకపోతే లోపలే పెట్టుకొంటారు. బిడ్డ అడిగినప్పుడు "ఏమీ కాదులే" అనవద్దని టీచర్లను కోరుతున్నాము. తెలిసినంత నిజము చెప్పండి, కలిసి ప్రార్థించండి, చేతనైన పని ఒకటి ఆ బిడ్డతోనే చేయించండి. ఏసీ కారే నీరు బకెట్టుకు పట్టి మొక్కలకు పోయడమైనా చాలు.

2019 నుండి మా ఆదివారపు ఆరాధనలో ఒక ప్రార్థన విన్నపము పిల్లల నోటుపుస్తకముల నుండి చదువుతున్నాము. చదివేది పిల్లలే. మీ సంఘములలో పిల్లలు ఏమి వ్రాస్తున్నారో ఒకటి రెండు విన్నపములు వారి చేతివ్రాతతోనే పత్రికకు పంపించండి. ఒత్తులు దిద్దవద్దు.