జర పని ఉన్నది

సెకండ్‌హ్యాండ్ బండి అమ్మేవాడు కొనేవాడికి ఎంత చెప్పాలి? అడిగినదానికి అబద్ధం ఆడకపోతే చాలా? ఏం అడగాలో కూడా తెలియనివాడికి తనంతట తానే చెప్పాలా? రెండువేల ఏళ్ళ కిందట సిసిరో ‘డి ఆఫీసియిస్’ మూడో భాగంలో ఇదే ప్రశ్నని ఒక ధాన్యం వ్యాపారి కథగా పెట్టాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక మంచి మనిషి ధాన్యం ఓడతో దిగాడు. వెనకాల ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలీదు. చెప్తే ధర పడిపోతుంది. చట్టం అడిగినంత చెప్తే చాలు, ఊరుకోవడం వేరు, దాచడం వేరు అంటాడు డయోజెనీస్ (బాబిలోన్‌వాడు, పీపాలో బతికిన ఆయన కాదు). అమ్మేవాడికి తెలిసిందంతా కొనేవాడికీ తెలియాలంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి వైపే మొగ్గాడు. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం మాత్రం, కొన్ని మినహాయింపులతో, చూసుకోవాల్సింది కొనేవాడే అంటుంది.

పెబ్బేరు శనివారం సంత చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చాలాకాలం నేను డయోజెనీస్ పార్టీనే. అక్కడ ఎద్దుని అమ్మేవాడు ఏ లోపమూ చెప్పడు, చెప్పాలని ఎవరూ అనుకోరు. కొనేవాడే దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా. ఎనిమిదీ వచ్చేశాక ఇక అరుగుదలని బట్టి వయసు ఊహించాల్సిందే. సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు, గిట్టలు చూస్తాడు. ఏమేం అడగొచ్చో ఇద్దరికీ తెలుసు గనక ఆ మౌనంలో మోసం లేదు. పైగా ఈ వారం అమ్మినవాడు వచ్చే నెల కొనడానికి వస్తాడు.

బండి దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క చెడింది. నేను కొన్నది యమహా ఆర్‌ఎక్స్ 100. 98 సీసీ, టూ స్ట్రోక్, 1996లో తయారీ ఆగిపోయిన బండి. పెబ్బేరు దగ్గర ఒక ఊళ్ళో, పశువుల కొట్టంలో, గోనె సంచులు కప్పుకుని ఉంది. ఏపీ 22 నంబరు. దీనికి పళ్ళు ఎక్కడుంటాయో నాకేం తెలుసు? ఫోర్ స్ట్రోక్ అయితే నీలం పొగ చూసి లోపల ఆయిల్ మండుతోందని కొత్తవాడైనా పట్టుకుంటాడు. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటు ఆయిల్ మండడమే పద్ధతి, ఆ పొగ ఏమీ చెప్పదు. ఇదైతే స్టార్టే కాలేదు. ఓనరు డెబ్భై దాటిన పెద్దాయన. “ఎట్లుంది కాకా బండి?” అంటే, “మంచిగనే ఉన్నది బిడ్డా. జర పని ఉన్నది” అన్నాడు.

ఈ “జర” మీద ఒక పీహెచ్‌డీ చేయొచ్చు. అందులో అబద్ధం లేదు. తెలిసినవాడికి “జర అంటే ఎంత?” అని అడిగే సందు దొరుకుతుంది. తెలియనివాడు ఆ ఖాళీని తన ఆశతో నింపుకుంటాడు. ఆంటిపేటర్‌తో నా ఇబ్బంది కూడా ఇక్కడే. “క్రాంక్ బేరింగు పోయింది, బోరు చేయించాలె” అని ఆయన మొత్తం చెప్పినా నేను తలూపి ఊరుకునేవాణ్ణి. అర్థం కాదని తెలిసి చెప్పే నిజానికీ మౌనానికీ పెద్ద తేడా లేదు. (మా యాప్‌లో నియమ నిబంధనలు రాసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.) కొత్తవాడికి పార్టుల పేర్లతో పనేముంది? ఎంత ఖర్చవుతుంది, ఎన్ని నెలలు పడుతుంది, తన చేతుల్తో అయ్యే పనేనా, ఇవి కావాలి.

సిసిరో కథలో రాబోయే ఓడల సంగతి ఒక్కడికే తెలుసు. ఇక్కడ నాకూ ఒక ఓడ సంగతి తెలుసు. ఆయన చెప్పిన ధర దాదాపు పాత ఇనుము ధర. హైదరాబాద్‌లో ఈ బండి మీద ఎంత పిచ్చి ఉందో, ఎంత పెట్టి కొంటున్నారో ఆయనకి తెలీదు. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఎక్కువ తెలిసినవాడు అమ్మేవాడే. పల్లెల్లో పాత ఇత్తడి బిందెలూ, చెక్కిన తలుపులూ పట్నంవాళ్ళు కొనుక్కుపోయే చోట మాత్రం ఎక్కువ తెలిసినవాడు కొనేవాడు. ఆయన “జర”ని తప్పు పట్టాలంటే ముందు నేను నోరు తెరవాలి.

తెరిచాను. “కాకా, పట్నంల దీనికి ఇంకా ఎక్కువ ఇస్తరు.” ఆయన నన్ను కాసేపు చూశాడు. లోపలికి వెళ్ళి కొడుకుతో మాట్లాడి వచ్చి రెండింతలు చెప్పాడు. ఇంజన్ గురించి మాత్రం ఇంకో మాట లేదు. బదులు ఆశించి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను గానీ, లోపల ఏదో గుచ్చుకుంది. ఆ ధరకే కొన్నాను.

పెబ్బేరులో మెకానిక్ ఇంజన్ విప్పి గోనె సంచి మీద పరిచాడు. సిలిండర్ లోపల నిలువు గీతలు, బేరింగు నిండా తుప్పు. “ఇదంతా ఆ పెద్దాయనకి తెల్వదంటవా తమ్మీ?” అన్నాను.

“ఆయన కిక్కు కొట్టి పదేండ్లయ్యుంటది అన్నా. లోపల ఏమున్నదో ఆయనకేం తెలుస్తది?”

సిలిండర్‌ని బోరింగు కోసం కర్నూలు పంపించాడు. శనివారం సంత బండ్లతో పాటు వస్తుందట.