సుగ్గికి ముందే

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు, దీపావళి దాటితే సుగ్గి బాట, అంటే కోత కూలికి వలస, మొదలవుతుంది. తుంగభద్ర పక్కనే పారుతున్నా అక్కడ చాలా చేలు వానకే ఎదురుచూస్తాయి. ఊళ్లో పని అయిపోగానే జనం తట్టాబుట్టా సర్దుకుని గుంటూరు మిరప తోటలకు కదులుతారు. కొన్ని ఇళ్లకు తాళం. కొన్నింట్లో అవ్వ, ఆమె దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు.

మిరప కోతలు ఎండాకాలం దాకా సాగుతాయి. పదో తరగతి పరీక్షలు వచ్చేదీ అప్పుడే. పిల్లల్ని ఊళ్లో వదిలి వెళ్తే, తమ్ముడికి జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది పన్నెండేళ్ల అక్క. ఆ రోజు బడి హాజరుపట్టీలో ఆమె గైర్హాజరు. వెంట తీసుకెళ్తే ఇంకో చిక్కు, ఆ చిన్న చేతులు కూడా కాయలు కోస్తాయి. కన్నవాళ్లకు ప్రేమ లేదనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పు తీరాలంటే వాళ్లకు వేరే దారేది?

వలస పిల్లలకోసం సీజనల్ హాస్టళ్లు అనే ఏర్పాటు ఉంది: ఊళ్లోనే తిండి, రాత్రి బస, చదువు. సంక్రాంతికి తెరిస్తే లాభం లేదు, అప్పటికే పిల్లలు చేలో ఉంటారు. సుగ్గి లారీ కదలకముందే తెరవాలి. మీ ఊళ్లో అలాంటి పిల్లలుంటే, హెడ్మాస్టరుగారిని ఇప్పుడే అడగండి.