కారు బీమా: ధరతో పాటు ధర్మాన్నీ చూద్దాం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



ఆ మధ్య జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మమ్మల్ని కలిశారు. ఆయన ఒక పాత కారు కొన్నారు. బీమా కోసం నాలుగు చోట్ల ధర అడిగారు. ఒక ఏజెంటు మిగతా వాళ్ళకంటే రెండు వేల చిల్లర తక్కువ చెప్పాడు. ఎలా తగ్గుతుందని అడిగితే, “పాత యజమాని క్లెయిము తీసుకోలేదు. ఆ బోనసు మీదేనని రాసేస్తాను, మీరు సంతకం పెడితే చాలు” అన్నాడట. “మౌలానా సాబ్! కంపెనీ కోట్లు సంపాదిస్తోంది. నేనేమీ దొంగతనం చేయడం లేదు కదా! ఇందులో తప్పేముంది?” అని ఆ సోదరుడు అడిగారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. ఈనాడు మన ఇళ్ళలో చాలామందికి కార్లున్నాయి. కాబట్టి దీన్ని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

బీమా ధర్మసమ్మతమేనా?

అల్లాహ్ వడ్డీని, జూదాన్ని నిషేధించాడు. ఏమి వస్తుందో, ఎంత వస్తుందో తెలియని అనిశ్చిత వ్యాపారాన్ని దైవప్రవక్త (స) వారించారు. వ్యాపార బీమాలో ఈ అనిశ్చితి (గరర్) పెద్ద ఎత్తున ఉంది. డబ్బు కడతాం, ప్రమాదం జరిగితే ఎక్కువ వస్తుంది, జరగకపోతే ఏమీ రాదు. ఈ కారణంగానే జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1985లో వ్యాపార బీమా నిషిద్ధమని తీర్మానించింది. దానికి బదులు పరస్పర సహకారం మీద నడిచే బీమాను సూచించింది.

ఈ సహకారానికి మూలం మన ధర్మంలోనే ఉంది. అష్అరీ తెగవారికి ఆహారం తగ్గిపోయినప్పుడు ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి సమానంగా పంచుకునేవారు. దైవప్రవక్త (స) వారిని మెచ్చుకొని తనవారిగా చెప్పుకున్నారు. నేటి తకాఫుల్ ఈ భావన మీదనే నిలబడింది. 1979లో సూడాన్‌లో తకాఫుల్ సంస్థ మొదలైంది. 1984లో మలేషియా దానికోసం ప్రత్యేక చట్టం చేసింది. గల్ఫ్ దేశాల్లో ఉన్న మన సోదరులకు వాహనాల తకాఫుల్ దొరుకుతుంది. అక్కడ ఉండి కూడా దాన్ని విచారించకుండా వేరే బీమా తీసుకోవడం తగదు.

మన దేశంలో వాహనాలకు ఆ సదుపాయం లేదు. మరోవైపు 1988 మోటారు వాహనాల చట్టం, 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండిని రోడ్డు మీదికి తేకూడదు. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే రెండు వేల రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. చట్టం చేసే ఈ నిర్బంధం వల్ల థర్డ్ పార్టీ బీమా తీసుకోవడానికి అనుమతి ఉందని మన ఉలమా చెబుతున్నారు. సొంత బండి నష్టాన్ని కూడా భరించే ఫుల్ ఇన్సూరెన్సు విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. కట్టిన ప్రీమియంకు మించి వచ్చిన సొమ్మును పేదలకు ఇచ్చివేయాలని కొందరు ముఫ్తీలు చెబుతారు. మీ పరిస్థితిని మీకు నమ్మకమున్న ముఫ్తీ సాబ్‌కు వివరించి, వారు చెప్పినట్లు నడుచుకోండి.

థర్డ్ పార్టీ బీమాను ఒట్టి పోలీసు భయంతో చూడకండి. పొరపాటున ఒక ప్రాణం తీసినవాడు కూడా మృతుని వారసులకు రక్తపరిహారం చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశించింది. ఒక్కడు మోయలేని ఆ భారాన్ని అతని బంధువర్గం పంచుకునే పద్ధతిని దైవప్రవక్త (స) అమలు చేశారు. గడువు దాటిన బీమాతో తిరిగే మన బండి రేపు ఒక కూలివాని సైకిలును గుద్దిందనుకోండి. అతని భార్యాబిడ్డలకు పరిహారం ఎవరిస్తారు? మన దగ్గర అంత సొమ్ము ఉందా? ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కుల విషయం. అల్లాహ్ మార్గంలో అమరుడైన వానికి కూడా అప్పు మాత్రం మాఫీ కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ధరలు పోల్చడం ఎలా?

నాలుగు చోట్ల విచారించి కొనడం తప్పు కాదు. డబ్బు వృథా చేయకపోవడం విశ్వాసి లక్షణమే. అయితే దేన్ని దేనితో పోలుస్తున్నామో తెలియాలి.

మొదటిది: థర్డ్ పార్టీ ధరను కంపెనీ నిర్ణయించదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్లలో వెయ్యి సీసీ లోపు సొంత కారుకు రూ. 2,094, పదిహేను వందల సీసీ దాకా రూ. 3,416, అంతకు మించితే రూ. 7,897గా ప్రకటించారు. పన్ను దీనికి అదనం. కాబట్టి ఒక కంపెనీకి మరో కంపెనీకి తేడా వచ్చేది సొంత నష్టం భాగంలో, అదనపు సదుపాయాల్లో మాత్రమే.

రెండవది: బండి విలువ, అంటే ఐడీవీ. కారు పోయినా, పూర్తిగా దెబ్బతిన్నా మనకు వచ్చే సొమ్ము దీని ప్రకారమే ఉంటుంది. ఒకరు నాలుగు లక్షల విలువకు ధర చెప్పి, మరొకరు మూడు లక్షలకు చెబితే రెండవది చవకగా కనిపిస్తుంది. అది చవక కాదు, తక్కువ సరుకు. అన్నిచోట్లా ఒకే విలువ మీద ధర అడగండి.

మూడవది: తరుగుదల. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగం ధరే ఇస్తారు. ‘బంపర్ టు బంపర్’ అనే పాలసీలో ఈ కోత చాలావరకు ఉండదు, ధర మాత్రం పెరుగుతుంది. ప్రతి క్లెయిములోనూ మనం భరించాల్సిన మొత్తం ఎంతో, నగదు కట్టకుండా బాగుచేసే గ్యారేజీ మన ఊళ్ళో ఉందో లేదో కూడా అడగండి.

నాలుగవది: యజమాని ప్రమాద బీమా పదిహేను లక్షలకు ఉండాలి. అది ఇప్పటికే వేరే పాలసీలో ఉంటే మళ్ళీ కొననక్కరలేదు.

ఐదవది: క్లెయిము తీసుకోనివారికి ఇచ్చే బోనసు. అది మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. గడువు ముగిశాక 90 రోజుల్లోగా పాలసీ కొనసాగించకపోతే పోతుంది. ఇక్కడే మన సోదరుని ప్రశ్నకు జవాబుంది. ఆ బోనసు బండిది కాదు, మనిషిది. బండి అమ్మితే బోనసు అమ్మినవానితోనే ఉంటుంది. కొన్నవాడు దాన్ని తనదని రాస్తే అది అబద్ధపు సాక్ష్యమే.

కంపెనీ పెద్దదైతే అబద్ధం చిన్నదవుతుందా?

ఒకసారి బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడిగా ఉంది. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవానికి తనతో సంబంధం లేదని చెప్పారు. బీమా ఫారం కూడా అలాంటి కుప్పే. పైన సంతకం ఉంది. లోపల ఏముందో అల్లాహ్‌కు తెలుసు.

లైసెన్సు లేని మేనల్లుడు బండి గుద్దితే మామ పేరు రాయించడం, పాత సొట్టలను కొత్త ప్రమాదంలో కలపడం, సొంత కారని రాసి కిరాయికి తిప్పడం, గ్యారేజీ వానితో బిల్లు పెంచించడం... ఇవన్నీ మనలో కొందరికి మామూలైపోయాయి. కంపెనీ సొమ్ములో వేలాదిమంది కట్టిన ప్రీమియం ఉంది. ఒక్కరి సొమ్ము తింటే వెళ్ళి క్షమాపణ అడగవచ్చు. ఇంతమందిని ఎక్కడ వెతికి అడుగుతాం? నమాజు, ఉపవాసాలతో వచ్చి, ఇతరుల సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వారికి పంచి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) మనకు ముందే చెప్పారు.

‘ఎలాగూ ఇది సందేహాస్పదమైన ఒప్పందమే కదా’ అనడం కూడా సాకే. నిర్బంధం ఎంతవరకో అనుమతీ అంతవరకే. అది అబద్ధానికి తలుపు తెరవదు. పైగా బోనసు గురించి తప్పు రాసినట్లు తేలితే సొంత నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. అప్పుడు ఇహమూ పోతుంది, పరమూ పోతుంది. అలాగే కంపెనీయే అన్యాయం చేస్తే ఊరుకోనక్కరలేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. హక్కు అడగడం వేరు, అబద్ధమాడటం వేరు.

ఆ సోదరుడు కాసేపు మౌనంగా నిలబడ్డారు. తర్వాతి జుమాకు వచ్చి, “బోనసు లేకుండానే కట్టాను మౌలానా సాబ్! మనసు తేలికగా ఉంది” అన్నారు. ఆయనకు ఖర్చయింది రెండు వేలు. మిగిలింది ఈమాన్.

ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. బీమా కాగితం ఆ తాడు లాంటిదే. కాపాడేవాడు మాత్రం అల్లాహ్ ఒక్కడే. కాబట్టి ఈ వారమే మీ బండి కాగితాలు తీసి గడువు చూడండి. అందులో మీరు రాసిన ప్రతి మాట నిజమో కాదో కూడా చూడండి. తప్పు ఉంటే కంపెనీకి తెలియజేసి దిద్దించుకోండి.

అల్లాహ్ మనందరి ప్రయాణాలను క్షేమంగా ఉంచి, హలాల్ సంపాదనను, నిజం పలికే నాలుకను, ఇతరుల హక్కులకు భయపడే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.