ముద్ర చెదరని వార్త

శంషాబాద్ విమానాశ్రయానికి చేరువలో, హిమాయత్ సాగర్ ప్రాంతంలోని కొత్వాల్‌గూడలో ఒక గృహస్థు సొంత డొమైన్ పేరిట చిరునామా ఏర్పరచుకొని, అక్కడికి చేరే ఈమెయిళ్లను జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకుంటున్నాడనుకుంటే, వాటిలో ఒకదాని హెడర్లు విప్పి చూసినప్పుడు ‘ఎస్పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్’ అన్న ఫలితం కనబడవచ్చు. పైకి పరస్పర విరుద్ధంగా తోచే ఈ తీర్పులలో ఉపాధికీ తత్త్వానికీ గల భేదం ఇమిడి ఉన్నది.

ఎస్పీఎఫ్ దృష్టి ఉపాధి మీద. తెచ్చిన సర్వరుకు పంపినవారి డొమైన్ పక్షాన పంపే అధికారం ఉన్నదా అని డీఎన్ఎస్‌లోని రికార్డును అడిగి, నడుమ చేరిన ఫార్వర్డర్ ఐపీ అందులో లేకపోవడంచేత, సత్యమైన సందేశాన్ని సైతం అది శంకిస్తుంది. ఆ శంక దోషం కాదు, దాని దృష్టికున్న హద్దు. అశోకవనంలో వానరరూపాన్ని చూసి రావణమాయేమోనని సందేహించిన సీతమ్మకు, రామగుణవర్ణనతో నెమ్మదించిన మనస్సును స్థిరపరచినది రామనామాంకితమైన అంగుళీయకమే కదా! డీకిమ్ సంతకం అటువంటి ముద్రిక. పంపినవారి రహస్య కీతో పుట్టి, డీఎన్ఎస్‌లోని బహిరంగ కీతో పరీక్షకు నిలిచి, ఎన్ని సర్వర్లు దాటినా అది చెదరదు. ఫ్రమ్ చిరునామాలోని డొమైన్‌తో ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటి పొసగి నెగ్గినా డీమార్క్ అంగీకరిస్తుంది.

అయితే ఆ ముద్ర నిలవడం మధ్యవర్తి నిష్ఠ మీద ఆధారపడినది. సబ్జెక్టుకు ఒక ట్యాగు తగిలించినా, అడుగున ఒక ప్రకటన చేర్చినా సంతకం సాధారణంగా భగ్నమవుతుంది. గురూపదేశానికి స్వకల్పన జోడించిన శిష్యుని వలన పరంపరకు కలిగే హాని ఇటువంటిదే. ఎస్ఆర్ఎస్ పద్ధతిలో ఫార్వర్డర్ రిటర్న్-పాత్‌ను తన పేరిట మార్చుకొని, తిరిగివచ్చే బౌన్సుల భారాన్ని వహించడం ప్రశంసనీయమైన కర్తవ్యస్వీకారమే. కాని అప్పుడు నెగ్గే ఎస్పీఎఫ్ ఫార్వర్డరుదే గనుక డీమార్క్‌కు అది చాలదు. మార్పు అనివార్యమైన చోట, మధ్యవర్తి తాను అందుకున్నప్పటి పరీక్షాఫలితాన్ని ముద్రవేసి ముందుకు పంపే ఆర్క్ విధానం 2019లో ఆర్ఎఫ్‌సీ 8617గా వెలువడినా, దానిని విశ్వసించడమా మానడమా అన్నది స్వీకర్త ఇచ్ఛ.

కనుక సొంత డొమైన్ గలవారు ఎస్పీఎఫ్‌తోనే తృప్తి చెందక, పంపే ప్రతి సందేశానికీ డీకిమ్ సంతకం ఏర్పరచుకోవాలి. ఫార్వర్డ్ చేసే చోట ఒక్క అక్షరమైనా చేర్చని అమరికనే ఎంచుకోవాలి.