కారున్నవాడే సభ్యుడా?

ఒకే రకమైన వస్తువును కొనుక్కున్నంత మాత్రాన మనుషులు ఒక సంఘమవుతారా? ఒకే కంపెనీ కుట్టుమిషన్లున్నవాళ్ళు మామూలుగా నెలకొకసారి కలుసుకుని యోగక్షేమాలు విచారించుకోరు. స్పోర్ట్స్ కార్ల యజమానులు కలుసుకుంటారు. చందాలు వేసుకుంటారు, కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు, ఒకరి కష్టంలో ఒకరు నిలబడతారు కూడా. వీళ్ళను కలిపి ఉంచుతున్నది సొత్తా, మరొకటా?

ఇంగ్లండులో పదకొండేళ్ళుగా నేను అటువంటి ఒక ప్రాంతీయ సంఘంలో సభ్యుణ్ణి. 1972లో తయారైన ఎమ్.జి.బి. కారొకటి నాకుంది. సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో కార్ల క్లబ్బు ప్రసక్తి ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. మనిషి ఒక సమూహానికి చెందటం తన దగ్గర ఉన్నదానివల్లనా, తాను చేసినదానివల్లనా అన్న ప్రశ్న నాకు ఈ క్లబ్బులోనే సూటిగా ఎదురైంది. అందుకని ఆ ప్రసక్తి తెస్తున్నాను.

ఎమ్.జి. అంటే మారిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మారిస్‌కు ఉన్న కార్ల వ్యాపారం అది. దానికి 1922లో నిర్వాహకుడైన సెసిల్ కింబర్, మామూలు మారిస్ కార్లమీద తేలికైన, చూడముచ్చటైన బాడీలు కట్టించి అమ్మటం మొదలుపెట్టాడు. 1929లో ఈ పని దగ్గరలోని ఆబింగ్డన్ అనే చిన్న పట్నానికి మారింది. 1930లో ఆ కార్ల యజమానులు క్లబ్బు పెట్టుకున్నారు. దానికి మొదటి కార్యదర్శి జాన్ థార్న్‌లీ అనే యువకుడు. అతను మరుసటి ఏడు ఆ ఫ్యాక్టరీలోనే చేరి, 1952లో దానికి జనరల్ మేనేజరయ్యాడు. క్లబ్బుకూ కార్ఖానాకూ మధ్య గోడ ఎంత పలచనో దీన్నిబట్టి తెలుస్తుంది. 1962 నుంచి 1980 దాకా అక్కడ ఎమ్.జి.బి. కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనాయి. వాటిలో చాలా భాగం అమెరికాకు వెళ్ళాయి.

ఇదంతా కలిగినవాళ్ళ కాలక్షేపమని నా మిత్రుడొకడు అంటాడు. వస్తువును పూజించేవాళ్ళు మనిషిని మరిచిపోతారని అతని వాదం. ఈ ఆక్షేపణను కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. నలభై ఏళ్ళు దాటిన కారుకు ఇంగ్లండులో రోడ్డు పన్ను లేదు. రోజూ పనికి వెళ్ళటానికి పాత కారు కొనుక్కున్న పేదవాడు పన్ను కడుతుంటే, ఆదివారం సరదాకు తిరిగేవాడికి మినహాయింపు దొరుకుతున్నది. ఇందులో న్యాయం నాకు కనిపించదు.

అయితే క్లబ్బులోపల జరిగేది నా మిత్రుడు చూడలేదు. ఈ కారు ఇంజనుకు రెండు ఎస్.యు. కార్బురేటర్లుంటాయి. రెండూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గరా, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గరా పెట్టి ఆ బుస వినాలి. రెండు బుసలూ ఒక్కటిగా వినిపించేదాకా మరలు తిప్పాలి. ఇది పుస్తకం చదివినందువల్ల రాదు. నాకు నేర్పినవాడు ఒక బస్సు డ్రైవరు. రెండు ఆదివారాలు నాతో గడిపాడు, డబ్బు మాట ఎత్తలేదు. ఆ తరవాత నేను మరొకరికి నేర్పాను. ఈ కార్లకు తలుపుల కింది ఉక్కు భాగం తుప్పు పడితే కారు బలమే పోతుంది. దాన్ని కోసి కొత్తది అతికే విద్య కూడా మాలో ఇలాగే చేతినుంచి చేతికి వచ్చింది. బజారులో అమ్ముడుపోయే నైపుణ్యం ఇక్కడ ఊరికే దొరుకుతున్నది. పుచ్చుకున్నవాడు మరొకడికి ఇవ్వాలన్న నియమం ఎక్కడా రాసిలేదు, కాని అందరూ పాటిస్తారు. నా దృష్టిలో సంఘమంటే ఇదే. దీనికి ఆధారం సొత్తు కాదు, శ్రమ.

ఇది నిజమైతే, శ్రమ చేసి సొత్తు లేనివాడి మాటేమిటి?

1979 సెప్టెంబరులో, ఆబింగ్డన్‌లో ఎమ్.జి. యాభై ఏళ్ళ పండుగ జరిగిన కొద్దిరోజులకే, బ్రిటిష్ లేలాండ్ కంపెనీ అక్కడ కార్ల తయారీ ఆపేస్తామని ప్రకటించింది. కార్ల యజమానులు నిరసన తెలిపారు. ఆస్టన్ మార్టిన్ వారు మరికొందరితో కలిసి ఎమ్.జి.ని కొనటానికి ప్రయత్నించారు గాని, ఆ బేరం కుదరలేదు. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు కారున్నవాడి కోరికా, కారు చేసేవాడి కోరికా ఒకటే. తరవాత అవి విడిపోయాయి. 1988లో పాత అచ్చులతోనే ఎమ్.జి.బి. బాడీలు మళ్ళీ తయారుచేసి అమ్మసాగారు. విడిభాగాలు ఇవాళ కూడా దొరుకుతున్నాయి. కారు బతికింది, క్లబ్బులూ బతికాయి. ఆబింగ్డన్ కార్మికులకు మాత్రం ఆ పని తిరిగి రాలేదు.

మా సమావేశాలకు ఒక వృద్ధుడు వస్తాడు. ఆబింగ్డన్‌లో కార్ల కూర్పు పని చేసినవాడు. ఎన్నో కార్లు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి, ఒక్కటీ ఆయన ఇంటికి రాలేదు. ఎవరి కారులో ఏ చప్పుడు ఎందుకొస్తున్నదో ఆయననే అడుగుతాం. కాని ఏ విషయమైనా ఓటుకు పెట్టినప్పుడు ఆయన చెయ్యెత్తడు. నిబంధనల ప్రకారం ఆయన అతిథి. కారున్నవాడే పూర్తి సభ్యుడు. ముసలితనంవల్లనో, డబ్బు ఇబ్బందివల్లనో కారు అమ్ముకున్నవాడు కూడా అనుబంధ సభ్యుడైపోతాడు. అతని స్నేహం మిగులుతుంది గాని ఓటు మిగలదు.

ఈ నిబంధనను సమర్థించేవాళ్ళు దుర్మార్గులు కారు. హద్దు లేకపోతే సంఘమే ఉండదంటారు. భీమా ఒప్పందాలూ, విడిభాగాల నిధీ ఎవరి డబ్బుతో ముడిపడి ఉన్నాయో వాళ్ళే నిర్ణయించటం న్యాయమంటారు. ఇందులో కొంత సబబుంది. నా కారు భీమాను గురించి కారులేనివాడు ఓటు వెయ్యనక్కరలేదు. అయితే సంఘం చేసే పనులన్నీ భీమా వంటివేనా? కొత్తవాళ్ళకు ఏం నేర్పాలి, ఎవరిని గౌరవించాలి, ఎవరిని చేర్చుకోవాలి అనేవి సొత్తుకు సంబంధించిన ప్రశ్నలు కావు. వాటిలో పనితెలిసినవాడి నోరు కట్టెయ్యటానికి ఆధారమేమిటి?

మా క్లబ్బు ఆచారమే ఈ నిబంధనను ఖండిస్తున్నది. విందుల్లో మేము తలుచుకునేది మారిస్‌ను కాదు, కింబర్‌ను. కంపెనీ మారిస్‌ది. కింబర్ దాన్ని నడిపిన ఉద్యోగి. 1941లో ఆయనను పొమ్మన్నారు, ఆయన పోయాడు. అయినా కింబర్ ఎమ్.జి.కి చెందినవాడు కాడని అనేవాణ్ణి నేను చూడలేదు. యాజమాన్యమే కొలబద్ద అయితే మేము మారిస్‌కు దండ వెయ్యాలి. కింబర్‌కు వేస్తున్నామంటే, చేసినవాడిదే పెద్ద హక్కని ఒప్పుకున్నట్టే. మేనేజరుకు ఒప్పుకున్నది కూర్పు పనివాడికి ఎందుకు ఒప్పుకోకూడదు?

గుర్తునుబట్టి బంధుత్వం కలుపుకుందామన్నా కుదరదు. 2005లో ఇంగ్లండులోని కంపెనీ దివాలా తీశాక ఎమ్.జి. పేరు చైనా వారి చేతికి పోయింది. 2019 నుంచి గుజరాత్‌లోని హలోల్‌లో తయారయ్యే కార్లమీద కూడా అదే ఎనిమిది మూలల గుర్తు ఉంటున్నది. హైదరాబాదులో హెక్టర్ కారు నడిపేవాడికీ నాకూ ఆ గుర్తు ఉమ్మడి. అంతమాత్రాన మేము ఒక సంఘం కాము. పేరును అమ్మవచ్చు, కొనవచ్చు. కారు కింద పడుకుని ఇద్దరు మనుషులు కలిసి గడిపిన ఆదివారాన్ని ఎవరూ ఎవరికీ అమ్మలేరు.

దున్నేవాడిదే భూమి అన్న నినాదం విని పెరిగిన తెలుగువాడికి ఈ వాదం కొత్త కాదు. కాని భూమికీ, సరదా కారుకూ తేడా ఉంది. భూమి లేకపోతే రైతు బతకలేడు. కారు లేనందువల్ల ఆ వృద్ధుడి జీవితానికి వచ్చిన లోటేమీ లేదు, ఆయన ఎవరి కారూ అడగటమూ లేదు. అందుకని ఇక్కడ పంచవలసింది సొత్తు కాదు. సొత్తు ఉన్నవాడికే మాట ఉంటుందన్న అలవాటును వదులుకుంటే చాలు. ఇంత చిన్న చోట, మనకు నష్టమేమీ లేని చోట వదులుకోలేనివాళ్ళం, పెద్ద విషయాలలో న్యాయాన్ని గురించి ఏ ముఖంతో మాట్లాడతాం?

వచ్చే సర్వసభ్య సమావేశంలో నిబంధన మార్చాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. డబ్బు వ్యవహారాలు మినహా తక్కినవాటిలో, ఈ కార్లను తయారుచేసినవారికీ, బాగుచేసేవారికీ, ఒకప్పుడు కారుండి అమ్ముకున్నవారికీ మాతో సమానంగా ఓటు ఉండాలన్నది దాని సారాంశం. నెగ్గుతుందన్న నమ్మకం లేదు. ఓడిపోతే మరుసటి ఏడు మళ్ళీ పెడతాను.